కోసిన విండోస్, కట్టుకున్న లినక్స్

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు 2026 అక్టోబరు 13 గడువు పెట్టారు. విండోస్ 11 సంగతి చూస్తే అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అడుగుతుంది, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. దాంతో రెండో తరం మొదలు ఏడో తరం దాకా ఉన్న ఐ3, ఐ5 లాప్‌టాప్‌లు స్క్రీన్ బాగున్నా, కీబోర్డు బాగున్నా గుమ్మం బయటే ఉండిపోయాయి.

వీటికి మందు అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒకటి: "టైనీ 11 లాంటిది, అంటే అక్కర్లేనివి కోసేసిన విండోస్, వెయ్యి, పరిగెడుతుంది." రెండోది: "ఏదో ఒక లైట్ లినక్స్ వెయ్యి." ఈ రెండిటినీ "లైట్ ఓఎస్" (తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్) అని ఒకే గాటన కట్టేస్తారు. అక్కడే నాకు పేచీ. కట్టిన ఇంట్లో గోడలు కొట్టేసి చోటు చేసుకోవడం ఒక పని, మొదటి నుంచీ చిన్న ఇల్లు కట్టుకోవడం ఇంకో పని. గోడలు కొట్టేవాడికి ఏ గోడ మీద స్లాబు నిలబడిందో తెలియాలి. విండోస్ విషయంలో ఆ ప్లాను మైక్రోసాఫ్ట్ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా పూర్తిగా లేదు. అందుకే కోసిన విండోస్ మొదటి రోజు బాగుంటుంది, ఆరో నెలలో ఏడిపిస్తుంది. కట్టుకున్న లినక్స్ మొదటి రోజే ఏడిపిస్తుంది, ఆ తర్వాత మన జోలికి రాదు. అయితే ఈ రెండిటికన్నా ముందు చూడాల్సింది ఇంకోటుంది.

బరువు ఎక్కడుంది?

టాస్క్ మేనేజర్ తెరిచి డిస్కు గడి చూడండి. కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలైనా అది 100 శాతం దగ్గరే ఉంటే, లోపల తిరిగే హార్డ్ డిస్కు ఉంటే, ఓఎస్ మార్చే ఆలోచన అక్కడే ఆపండి. నిమిషానికి 5400 చుట్లు తిరిగే లాప్‌టాప్ డిస్కులో పళ్లెం సగం చుట్టు తిరగడానికి 5.6 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్ చోటు మారడానికి ఇంకో 12 వేసుకోండి. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు అరవై కన్నా ఎక్కువ చదవలేదు. ఓఎస్ లేచేటప్పుడు అలాంటి రీడ్‌లు పదివేలు ఉంటాయనుకున్నా దాదాపు మూడు నిమిషాలు. తిరిగే భాగాలే లేని మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు వేల లెక్కన చేస్తుంది. ఏ కోత పెట్టినా ఈ తేడా పూడదు.

తర్వాత ర్యామ్. 4 జీబీ ఉన్న యంత్రంలో రెండో స్లాటు ఖాళీగా ఉందేమో చూడండి. ఉంటే ఇంకో 4 జీబీ స్టిక్ వేయడం అన్నిటికన్నా చవకైన ఆపరేషన్. ఒక జాగ్రత్త: ఇంటెల్ నాలుగో తరం నుంచి చాలా లాప్‌టాప్‌లు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే తీసుకుంటాయి. సెకండ్ హ్యాండ్ షాపులో చేతికొచ్చిన 1.5 వోల్టుల డీడీఆర్3 పెడితే తెర నల్లగానే ఉండిపోతుంది, మదర్‌బోర్డు పోయిందని కంగారు పడతారు. స్టిక్ మీద ఉన్న "3ఎల్" అన్న గుర్తు చూసి కొనాలి.

మూడోది బ్రౌజరు. డెబియన్ అనే లినక్స్ మీద ఎల్ఎక్స్‌క్యూటీ అనే తేలికైన డెస్క్‌టాప్ ఏమీ తెరవకుండా ఉన్నప్పుడు సుమారు 500 ఎంబీ తీసుకుంటుంది, గ్నోమ్ అనే పెద్ద డెస్క్‌టాప్ అయితే 1 జీబీ పైన. తేడా 600 ఎంబీ అనుకుందాం. ఒక వార్తల సైటు, ఒక మెయిల్, ఒక వీడియో, మూడు ట్యాబులు తెరిచేసరికి ఆ తేడా కరిగిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తీసుకుంటుందన్న అంకె స్క్రీన్‌షాట్లకు తప్ప పెద్దగా పనికిరాదు. యాడ్‌లు ఆపే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టుకోవడం, క్రోమ్‌లో మెమరీ సేవర్ ఆన్ చేయడం, వాట్సాప్‌నో మరోదాన్నో వేరే యాప్‌గా కాకుండా ట్యాబులోనే వాడటం, ఇవి డెస్క్‌టాప్ మార్చడం కన్నా ఎక్కువ మిగులుస్తాయి. ఎలెక్ట్రాన్ అనే పనిముట్టుతో కట్టిన ప్రతి యాప్ తన వెంట ఒక పూర్తి క్రోమియం బ్రౌజరును మోసుకొస్తుంది మరి.

లినక్స్‌లో ర్యామ్ లెక్క చూపే ఫ్రీ కమాండ్ కొట్టినప్పుడు "యూజ్డ్" కాదు, "అవెయిలబుల్" అన్న గడి చూడాలి. ఖాళీ ర్యామ్‌ను కెర్నెల్ ఫైళ్ల క్యాష్‌కు వాడుకుంటుంది, ఎవరైనా అడగ్గానే ఇచ్చేస్తుంది. విండోస్‌లో ప్రాసెస్‌ల సంఖ్య చూసి మురిసిపోయేవాళ్లు కూడా కనిపిస్తారు: "నాది 60 ప్రాసెస్‌లే, మామూలు విండోస్ 150." 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి, ర్యామ్ 3.5 జీబీ దాటితే విండోస్ ఒక్కో సర్వీసును ఒక్కో ఎస్‌వీసీహోస్ట్ (సర్వీసులను నడిపే ప్రాసెస్)లో విడివిడిగా నడుపుతుంది. ఒకటి కూలితే మిగతావి కూలకూడదని. ఆ విభజనను రిజిస్ట్రీలో ఆపేస్తే సంఖ్య అమాంతం పడిపోతుంది. చేసే పని మాత్రం అదే. బియ్యం పది సంచుల్లో ఉన్నా రెండు బస్తాల్లో ఉన్నా బియ్యమేగా.

కోసిన విండోస్‌లో ఏం పోతుంది?

ముందు మంచి మాట చెప్పాలి. టైనీ 11ను తయారుచేసే ఎన్‌టీడెవ్ అనే డెవలపర్ మొదట తయారు ఐఎస్ఓలు (ఓఎస్ వేసుకునే ఫైళ్లు) ఇచ్చినా, తర్వాత పవర్‌షెల్ స్క్రిప్టునే బయటపెట్టారు. మైక్రోసాఫ్ట్ దగ్గర దించుకున్న అసలు ఐఎస్ఓను దానికి ఇస్తే, మీ ముందే ఎడ్జ్, వన్‌డ్రైవ్, గేమ్స్, వార్తల విడ్జెట్ వంటివి తీసేసి కొత్త ఐఎస్ఓ చేతికిస్తుంది. ఏం తీస్తుందో స్క్రిప్టులో చదువుకోవచ్చు. ఈ పద్ధతిలో మోసం లేదు. దీని మామూలు రకం అప్‌డేట్లు కూడా తీసుకుంటుంది. ఎన్‌టీలైట్ ఇంకా ముందు నుంచీ ఉన్న పనిముట్టు, ఒక్కో భాగం తీసేముందు దానిమీద ఏవి ఆధారపడ్డాయో కొంతవరకు హెచ్చరిస్తుంది. ఒక ప్రోగ్రాము పరీక్షించడానికి వర్చువల్ మెషీన్ కావాలంటే, 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కులో విండోస్ లేవాలంటే ఇది చక్కటి దారి.

తంటా అంతా ఇంకా లోతుగా కోసిన రకాలతో. టైనీ 11లోనే "కోర్" అని ఒకటుంది. అది విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డరును (విండోస్ తన భాగాల మూల ఫైళ్లు దాచుకునే చోటు), రికవరీని, అప్‌డేట్ వ్యవస్థను తీసేస్తుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేస్తుంది. తర్వాత భాషలు గానీ, అప్‌డేట్లు గానీ, ఫీచర్లు గానీ చేర్చలేరని, రోజూ వాడుకోవడానికి ఇది కాదని తయారుచేసినవారే రాసిపెట్టారు. అయినా "కోర్ ఇంకా తేలిక" అని రోజువారీ యంత్రంలో వేసేవాళ్లకు లోటు లేదు.

విన్‌ఎస్ఎక్స్ఎస్ ఎందుకంత ముఖ్యమో తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. ప్రాపర్టీస్‌లో అది బోలెడు జీబీలు చూపిస్తుంది, చూసినవాడికి కోసేయాలనిపిస్తుంది. నిజానికి అందులోని చాలా ఫైళ్లు సిస్టమ్32లోని ఫైళ్లే. హార్డ్ లింకుల వల్ల ఒకే ఫైలు రెండు చోట్ల కనిపిస్తుంది, ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లు లెక్కపెడుతుంది. పైగా విండోస్ 10 1809 నుంచి నెలనెలా వచ్చే అప్‌డేట్‌లో పూర్తి ఫైలు రాదు, మొదటి విడుదలలోని ఫైలుతో పోల్చిన తేడా మాత్రమే వస్తుంది. ఆ మొదటి ఫైలు గానీ, దాని దగ్గరికి వెనక్కి వెళ్లే దారి గానీ విన్‌ఎస్ఎక్స్ఎస్‌లో ఉంటేనే తేడా అతుకుతుంది. మూలం కోసేశాక తేడా దేనికి అతుకుతుంది? 800ఎఫ్081ఎఫ్ అని ముగిసే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. "మూల ఫైళ్లు దొరకలేదు" అని దాని అర్థం. పాత అకౌంటింగ్ ప్రోగ్రాముకో, డిజిటల్ సంతకం పెట్టే యుటిలిటీకో డాట్‌నెట్ 3.5 ఆన్ చేయబోయినప్పుడు వచ్చేదీ ఇదే. తెలుగు లాంగ్వేజ్ ప్యాక్ వేయబోతే మధ్యలో ఆగడానికీ తరచూ కారణం ఇదే.

తక్కిన కోతలు కూడా ఇలాగే, అనుకోని చోట తేలతాయి. ఎడ్జ్‌తో పాటు వెబ్‌వ్యూ2 రన్‌టైమ్ (యాప్‌లలో వెబ్ పేజీలు చూపించే భాగం) పోతే కొత్త ఔట్‌లుక్, టీమ్స్, ఇంకా ఎన్నో యాప్‌లు తెల్లని కిటికీ చూపిస్తాయి. ఈ ఒక్కదానికి మందు సులువే: వెబ్‌వ్యూ2ను విడిగా దించి వేయొచ్చు. ప్రింట్ పనులు చూసే స్పూలర్ ఆపేస్తే ప్రింటర్ చేర్చే పేజీయే పనిచేయదు. అప్‌డేట్ సర్వీసు చంపేస్తే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోంచి ఏదీ దిగదు, ఎందుకంటే స్టోర్ దించుకునేది ఆ సర్వీసు ద్వారానే. సెర్చ్ సర్వీసు ఆపితే స్టార్ట్ మెనూలో పేరు కొట్టి వెతకడం కుంటుపడుతుంది. డిఫెండర్ తీసేస్తే ర్యామ్ మిగిలే మాట నిజమే. దాని బదులు ఉచిత యాంటీవైరస్ ఒకటి వేస్తే అంతకన్నా ఎక్కువే పోతుంది, ఏమీ వేయకపోతే పెన్‌డ్రైవ్‌లు మారే ఇంట్లో తలుపులు తీసిపెట్టినట్టే. కొన్ని గేమింగ్ కోతలు ప్రాసెసర్‌లోని స్పెక్టర్ లోపాలకు వేసిన రక్షణలను కూడా ఆపే వీలిస్తాయి. నాలుగు ఫ్రేములు పెరుగుతాయని.

ఇంకా పెద్ద చిక్కు నమ్మకం. ఎవరో కోసి టొరెంట్‌లో పెట్టిన ఐఎస్ఓకు మైక్రోసాఫ్ట్ ఇచ్చే షా-256 గుర్తు (ఫైలు మారలేదని తేల్చే అంకె) సరిపోదు, సరిపోవడం కుదరదు కూడా. అంటే లోపల ఏం చేర్చారో తేల్చే సాధనం మన దగ్గర ఉండదు. 2023 జూన్‌లో డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ సంస్థ టొరెంట్లలో తిరిగే విండోస్ 10 ఐఎస్ఓలలో ఒక ట్రోజన్‌ను బయటపెట్టింది. అది ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు చదివే డిస్కు భాగంలో) దాక్కుని, క్లిప్‌బోర్డులో కాపీ చేసిన క్రిప్టో వాలెట్ చిరునామాను తన చిరునామాతో మార్చేస్తుంది. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మామూలు యాంటీవైరస్ స్కాన్ పెద్దగా తడమదు. అందుకే నా నియమం: కోయదలిస్తే మీరే కోయండి, అసలు ఐఎస్ఓ నుంచి, స్క్రిప్టుతో. వేరొకరు కోసింది వద్దు.

మైక్రోసాఫ్ట్ స్వయంగా కోసింది ఒకటుంది, అదే ఎల్‌టీఎస్‌సీ, ఎక్కువ కాలం మద్దతుండే రకం. ఆసుపత్రి యంత్రాలకు, ఏటీఎంల వంటి వాటికి ఉద్దేశించింది. స్టోర్ ఉండదు, ఏటా వచ్చే పెద్ద మార్పులు రావు, భద్రతా అప్‌డేట్లు మాత్రం వస్తాయి. విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2027 జనవరి 12 వరకు, అందులోనే ఐఓటీ (పరికరాల) రకానికి 2032 జనవరి 13 వరకు మద్దతుంది. సాంకేతికంగా పాత లాప్‌టాప్‌కు ఇంతకన్నా సరైన విండోస్ లేదు. కానీ దీని లైసెన్సు సంస్థలకు, పరికరాలు తయారుచేసేవాళ్లకు మాత్రమే అమ్ముతారు. ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే "కీ" లైసెన్సు కాదు. లైసెన్సు లేకుండా విండోస్‌ను నడిపించే యాక్టివేటర్ వేద్దామంటే, కోత ఐఎస్ఓ మీద వచ్చిన అనుమానమే ఇక్కడా వస్తుంది.

మరి మామూలు విండోస్‌నే తేలిక చేయాలంటే? కంపెనీ వాళ్లు నింపిన విండోస్ తీసేసి అసలు ఐఎస్ఓతో శుభ్రంగా వేయడం మొదటి మెట్టు. వేసేటప్పుడు సమయం, కరెన్సీ దగ్గర "ఇంగ్లిష్ (వరల్డ్)" ఎంచుకుంటే అంటగట్టే యాప్‌ల గుర్తులు చాలావరకు రావు. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రాంతాన్ని ఇండియాకు మార్చుకోండి, లేకపోతే స్టోర్ మొరాయిస్తుంది. యాప్‌లు తీసేటప్పుడు ప్రొవిజన్డ్ ప్యాకేజీల (కొత్త అకౌంటుకు విండోస్ తనే వేసే యాప్‌ల) జాబితా నుంచి కూడా తీయాలి, లేదంటే కొత్త యూజర్ అకౌంటు తెరవగానే మళ్లీ ప్రత్యక్షం. స్టార్టప్ ట్యాబులో అనవసరమైనవి ఆపండి. హైబర్నేషన్ వాడకపోతే ఆపేస్తే ర్యామ్‌లో సుమారు 40 శాతం మేర డిస్కు చోటు మిగులుతుంది. దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుందని తెలిసే చేయండి. 32 జీబీ ఈఎంఎంసీ స్టోరేజి ఉన్న చిన్న లాప్‌టాప్‌లలో విండోస్ ఫైళ్లను కుదించే కాంపాక్ట్ ఓఎస్ ఆన్ చేస్తే సుమారు 2 జీబీ దొరుకుతుంది. ర్యామ్ నిండితే ఆదుకునే పేజ్ ఫైల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. 4 జీబీ యంత్రంలో దాన్ని తీసేస్తే బ్రౌజరు చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది.

పెట్టకుండా ఉండటం

ఇక నాకు నచ్చిన దారి. డెబియన్ 13, 2025 ఆగస్టు 9న వచ్చింది. దాని నెట్ఇన్‌స్ట్ (మిగతావి నెట్ నుంచి దించుకునే) ఐఎస్ఓ 800 ఎంబీ లోపే. వేసేటప్పుడు రూట్ (అన్ని అధికారాలున్న యూజరు) పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయండి. అప్పుడు మామూలు యూజరు రూట్ పనులు చేసేందుకు వాడే సుడో తనే ఇన్‌స్టాలై మొదటి యూజరుకు అధికారం వస్తుంది. చివర సాఫ్ట్‌వేర్ ఎంపిక తెరలో డెస్క్‌టాప్, గ్నోమ్ టిక్కులు తీసేసి "స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్" ఒక్కటే ఉంచండి. రీబూట్ అయ్యాక నల్ల తెర, లాగిన్ గీత. ఇదే పునాది. దీనిమీద ఎక్స్ఆర్గ్ (తెర మీద కిటికీలు గీసేది), ఎల్ఎక్స్‌క్యూటీ-కోర్, ఎస్‌డీడీఎం (లాగిన్ తెర), నెట్‌వర్క్ మేనేజర్, ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ వేస్తే కంప్యూటర్ సిద్ధమని చాలామంది రాస్తారు. సిద్ధం కాదు. ఇక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది.

మొదటి దెబ్బ వైఫై. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వాడిన వైఫై వివరాలను ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో రాసేస్తుంది. అక్కడ పేరున్న కార్డును నెట్‌వర్క్ మేనేజర్ తనది కాదని వదిలేస్తుంది. ఐకాన్ ఉంటుంది, జాబితా ఖాళీగా ఉంటుంది. ఆ ఫైల్లో లూప్‌బ్యాక్ (ఎల్ఓ అని ఉండే) వరసలు రెండూ ఉంచి మిగతావి తీసేసి రీబూట్ చేస్తే సరి. చేరిన నెట్‌వర్క్ పాస్‌వర్డ్ మళ్లీ ఒకసారి ఇవ్వాలి.

"రెకమెండ్స్ (ప్యాకేజీతో పాటు సిఫారసు చేసేవి) వద్దు" అన్న ఆప్షన్‌తో ప్యాకేజీలు వేసేవాళ్లకు మిగతా దెబ్బలు వరసగా తగులుతాయి. పోల్కిట్ ఏజెంట్ లేకపోతే పాస్‌వర్డ్ అడిగే పెట్టె రాదు, క్లిక్ చేసిన పని నిశ్శబ్దంగా విఫలమవుతుంది. యూడిస్క్స్, జీవీఎఫ్ఎస్ లేకపోతే పెన్‌డ్రైవ్ కనిపించదు, చెత్తబుట్ట ఉండదు, ఫోను కేబుల్‌తో కలిపితే స్పందన ఉండదు. పైప్‌వైర్-ఆడియో లేకపోతే శబ్దం రాదు. పవర్ మేనేజర్ లేకపోతే బ్యాటరీ అయిపోతోందని చెప్పేవాడు ఉండడు. ఇంటెల్ మైక్రోకోడ్ వేయకపోతే ప్రాసెసర్ లోపాలకు వచ్చిన సవరణలు అందవు. ప్రింటింగుకు కప్స్, ప్రింటర్ సెట్టింగుల ప్యాకేజీ, బ్లూటూత్‌కు బ్లూమ్యాన్, భద్రతా సవరణలు తమంతట తాము పడేందుకు అన్ అటెండెడ్ అప్‌గ్రేడ్స్, అన్నీ గుర్తుపెట్టుకుని వేయాలి. అన్నీ కలిపినా ర్యామ్‌లో వంద ఎంబీ పెరగొచ్చు. ఆ మాత్రం మిగల్చడానికి ఇంత అవస్థ దేనికని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అందుకే ఎల్ఎక్స్‌క్యూటీ-కోర్ బదులు పూర్తి ఎల్ఎక్స్‌క్యూటీ ప్యాకేజీని రెకమెండ్స్‌తో సహా వేయమంటాను. నచ్చని నాలుగు ప్రోగ్రాములు తర్వాత తీసేయొచ్చు. ఇక్కడ తీసేయడం ప్రమాదం కాదు: ఏది దేనిమీద ఆధారపడిందో ప్యాకేజీలు వేసే ఆప్ట్‌కు తెలుసు, తీసేముందు ఏవేవి వెంట పోతాయో జాబితా చూపిస్తుంది. గోడ కొట్టేముందు ప్లాను చూపించే మేస్త్రీ అన్నమాట.

ర్యామ్ తక్కువైన యంత్రానికి రెండు ప్యాకేజీలు తప్పనిసరి. జడ్‌ర్యామ్-టూల్స్ వేసి, దాని సెట్టింగుల ఫైల్లో ఆల్గారిథమ్ జడ్ఎస్‌టీడీ, శాతం 50 అని పెట్టండి. 4 జీబీ యంత్రంలో 2 జీబీ స్వాప్ (ర్యామ్ నిండితే వాడే అదనపు చోటు) ర్యామ్‌లోనే, కుదించిన రూపంలో తయారవుతుంది. మూడుకొకటిగా కుదిరితే ఆ 2 జీబీ నిండినా అసలు ర్యామ్‌లో 700 ఎంబీ చోటే తింటుంది. హైబర్నేట్ చేయాలంటే మాత్రం ఇది చాలదు, డిస్కు మీద వేరే స్వాప్ ఉండాలి. రెండోది ఎర్లీఊమ్. ర్యామ్ పూర్తిగా నిండితే లినక్స్ డెస్క్‌టాప్ మౌసు కూడా కదలకుండా బిగుసుకుపోవడం పాత జబ్బు. ఇది ముందే పసిగట్టి అన్నిటికన్నా ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను, సాధారణంగా ఒక బ్రౌజర్ ట్యాబును, ఆపేస్తుంది. ట్యాబు పోయినా యంత్రం దక్కుతుంది.

ఓఎస్‌తో సంబంధం లేని ఒక తిప్పలు కూడా ఇక్కడే చెప్పాలి. పదేళ్ల యంత్రంలో గడియారాన్ని నడిపే సీఆర్2032 బటన్ సెల్ చచ్చిపోయి ఉంటుంది. ప్లగ్ తీసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజరు ప్రతి సైటునూ ఆపేస్తుంది. "కొత్త ఓఎస్‌లో నెట్ పనిచేయట్లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ సెల్ దగ్గర తేలతాయి.

తెలుగు దగ్గర తేలిక బరువవుతుంది

తేలిక సిస్టముల మీద ఇంగ్లిషులో వచ్చే సమీక్షల్లో కనిపించని లోటు మనకు మొదటి గంటలోనే కనిపిస్తుంది. ఫాంట్ లేక తెలుగంతా గడులు గడులుగా వస్తుంది. డెబియన్‌లో ఫాంట్స్-లోహిత్-తెలు వేస్తే చదవడానికి సరిపోతుంది, ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రాలో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. కానీ ఫాంట్ ఒక్కటే చాలదు. ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవడానికి హార్ఫ్‌బజ్ వంటి షేపింగ్ ఇంజను కావాలి. జీటీకే, క్యూటీ అనే టూల్‌కిట్లతో కట్టిన ప్రోగ్రాములు దాన్ని వాడతాయి. ఎక్స్‌టర్మ్ వంటి పాత టెర్మినళ్లలో, ఎఫ్ఎల్‌టీకే పాత వెర్షన్లతో కట్టిన బుల్లి ఎడిటర్లలో ఆ ఇంజను ఉండదు, "స్త్రీ" అన్న మాట మూడు ముక్కలై పొల్లులతో పరుచుకుంటుంది. ఆ ప్రోగ్రాములు తేలికగా ఉండటానికి కారణాల్లో ఇదీ ఒకటి: మన లిపి కోసం చేయాల్సిన పని వాటిలో లేదు. అందుకే ఎల్ఎక్స్‌క్యూటీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌ల కన్నా కిందికి దిగొద్దంటాను.

టైపింగుకు మాత్రం తేలిక దారి ఉంది. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకు లినక్స్ కీబోర్డు వ్యవస్థ ఎక్స్‌కేబీలోనే తెలుగు లేఅవుట్ ఉంది, కీబోర్డు సెట్టింగుల్లో చేర్చుకుంటే చాలు, వెనకాల నడిచే ప్రోగ్రామేదీ అక్కర్లేదు. ఆర్‌టీఎస్, యాపిల్, పోతన పద్ధతులు అలవాటైనవాళ్లు ఐబస్ లేదా ఎఫ్‌సీఐటీఎక్స్5 అనే టైపింగ్ ప్రోగ్రాముతో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. లాగిన్‌లో అది మొదలయ్యేలా ఇమ్-కాన్ఫిగ్ నడపాలి. ఇది మరిచిపోతే బ్రౌజరులో తెలుగు పడి, ఆఫీసు ప్రోగ్రాములో పడకపోవడం లాంటి వింతలు చూస్తారు.

మరీ బుల్లివి

పప్పీ లినక్స్ మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది. పాడైన యంత్రం నుంచి ఫోటోలు బయటికి లాగడానికి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోదగ్గది. రోజూ వాడటానికి కాదు. మొదటి నుంచీ రూట్ యూజరుగా నడుస్తుంది, సేవ్ ఫైలు నిండితే విచిత్రంగా ప్రవర్తిస్తుంది. టైనీ కోర్ డెస్క్‌టాప్‌తో కలిపి 25 ఎంబీ లోపే ఉంటుంది. ఆపేటప్పుడు బ్యాకప్ తీసుకోకపోతే ఆ రోజు హోమ్ ఫోల్డరులో రాసినవి పోతాయి. ఆల్పైన్ సర్వర్లకు, కంటైనర్లకు అద్భుతం. డెస్క్‌టాప్‌గా వాడితే మామూలు లినక్స్‌లలో ఉండే గ్లిబ్‌సీ బదులు మజల్ లైబ్రరీ ఉండటం వల్ల క్రోమ్, జూమ్, కంపెనీలిచ్చే ప్రింటర్ డ్రైవర్లు నేరుగా నడవవు. యాప్‌లనైతే తమ లైబ్రరీలు తామే తెచ్చుకునే ఫ్లాట్‌ప్యాక్‌తో నడపొచ్చు, కాకపోతే దాని రన్‌టైములు జీబీల్లో దిగుతాయి. తేలిక కోసం వచ్చి మూట కట్టుకున్నట్టవుతుంది.

ఇలాంటి వాటికి ఇంకో బలహీనత ఉంది, మనుషులు. క్రంచ్‌బ్యాంగ్ ఒకప్పుడు డెబియన్ మీద ఓపెన్‌బాక్స్ అనే విండో మేనేజరుతో కట్టిన తేలిక లినక్స్‌లలో పేరు మోసింది. దాన్ని నడిపిన ఫిలిప్ న్యూబరో 2015 ఫిబ్రవరిలో ఆపేశారు, వాడేవాళ్లకు మామూలు డెబియనే మేలన్నారు. డామ్ స్మాల్ లినక్స్ 2008 తర్వాత ఆగిపోయి, 2024లో యాంటీఎక్స్ అనే డెబియన్ ఆధారిత లినక్స్ మీద మళ్లీ లేచింది. 50 ఎంబీ కాదు, ఈసారి ఒక సీడీ నిండా. ఒకరిద్దరి భుజాల మీద నిలబడిన సిస్టములో మీ పదో తరగతి పిల్లవాడి ప్రాజెక్టులు పెట్టేముందు, దాని కిందున్న డెబియన్‌నే వాడితే పోదా అని ఒకసారి ఆలోచించండి.

బడి ల్యాబుకైతే లెక్కే వేరు. అక్కడ యంత్రానికో రకంగా చేత్తో కట్టిన మినిమల్ సిస్టము శాపం. కేరళ బళ్లలో వాడే కైట్ గ్నూ/లినక్స్ అన్నీ నింపి ఉబుంటు మీద కట్టింది. తేలిక కాదు, కానీ ప్రతి బడిలో ఒకేలా ఉంటుంది, టీచరుకు ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొస్తుంది. యాభై యంత్రాలకు ఆ ఒకేలాతనమే కావాలి.

ఏ ఓఎస్సూ తీర్చలేనివి

వీడియో. యూట్యూబ్ ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే వీడియో రూపాల్లో పంపుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్‌లో వీపీ9ను పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పడం ఏడో తరంతో, ఏవీ1ను విప్పడం పదకొండో తరంతో వచ్చాయి. నాలుగో తరం యంత్రంలో ఎంత బుల్లి ఓఎస్ వేసినా 1080పీ వీడియోకు ప్రాసెసర్ ఫ్యాన్ గోల పెడుతుంది. హెచ్264ఐఫై అన్న ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత హెచ్264లో పంపుతుంది, దాన్ని ఆ గ్రాఫిక్స్ తేలిగ్గా విప్పుతుంది. లినక్స్‌లో ఆ తరానికి ఐ965-వీఏ-డ్రైవర్ కూడా ఉండాలి.

ప్రింటర్లు. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో క్యానన్ ఎల్‌బీపీ2900 ఇంకా రాజ్యమేలుతోంది. దాని క్యాప్ట్ డ్రైవరుకు లినక్స్ రకం ఉంది గానీ 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, వెనక ఒక డీమన్ (కనిపించకుండా నడిచే ప్రోగ్రాము) నడవాలి, మినిమల్ సిస్టములో రెండు పూటలు తినేస్తుంది. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కైతే హెచ్‌పీ ఇచ్చే హెచ్‌పీలిప్ డ్రైవరుతో పాటు ప్లగిన్ దించాలి. ఆన్ చేసినప్పుడల్లా ఫర్మ్‌వేర్ ఎక్కిస్తేనే అది ప్రింటరవుతుంది. ట్యాలీ విండోస్ మీదే నడుస్తుంది. వేలిముద్ర యంత్రం పెట్టుకుని నడిపే సేవా కేంద్రాలు ముందు ఆ పరికరాన్ని ఆధార్‌కు కలిపే ఆర్‌డీ సర్వీసును ఏ ఓఎస్‌కు ఇస్తున్నారో చూడాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు కొట్టే డీటీపీ సెంటర్‌ను లినక్స్‌కు మార్చమని నేను చెప్పను. వాళ్లకు సరైన తేలిక యంత్రమంటే ఎస్‌ఎస్‌డీ వేసి, మామూలు విండోస్ ఉంచి, ఇంటర్నెట్ కేబుల్ పీకేసినది. ఫైళ్లు తేవడానికి, పంపడానికి పక్కన ఇంకో యంత్రం.

ఇక మిగిలింది 32 బిట్ ప్రాసెసర్లు, ఆటమ్ ఎన్270 పెట్టిన ఆ బుల్లి నెట్‌బుక్‌లు. డెబియన్ 13లో వాటికి ఇన్‌స్టాలరే లేదు. 32 బిట్ లినక్స్‌కు వచ్చిన చివరి మామూలు ఫైర్‌ఫాక్స్ 144. యాంటీఎక్స్ 23 ఇంకా 32 బిట్‌లో దొరుకుతుంది, 1 జీబీ ర్యామ్‌లో లేస్తుంది కూడా. కానీ బ్రౌజరు తెరిచాక అది కంప్యూటర్ కాదు, సహన పరీక్ష. వాటిని నెట్ లేకుండా రాత పనికి వాడుకోండి: యాంటీఎక్స్, ఒక ఫాంట్ ప్యాకేజీ, ఎక్స్‌కేబీ తెలుగు లేఅవుట్, ఏబీవర్డ్. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది కాబట్టి ప్లగ్ దగ్గర కూర్చుని, పది నిమిషాలకోసారి సేవ్ నొక్కుతూ.